కంప్రెసర్ కంటే ముందు నాజిల్‌ను కొలవండి
ఇంటి వర్క్‌షాపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంటి వెనుక షెడ్డులో పాత మోటారు సైకిళ్లను విప్పి బాగుచేసుకోవడం నాకు అలవాటు. ఫ్రేముల మీది తుప్పును వైరు బ్రష్షుతో, ఎమరీ పేపరుతో గీకి గీకి విసుగెత్తి, గాలి ఒత్తిడితో గట్టి రేణువులను చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగుకు మారాలనుకున్నాను. ముందుగా ఒక చిన్న బ్లాస్టింగ్ క్యాబినెట్టును (లోపలే పని చేసుకునే మూసిన పెట్టె), తరువాత ఒక ప్రెషర్ పాట్‌ను (రేణువులను గాలి ఒత్తిడితో బయటికి తోసే మూత పాత్ర) సమకూర్చుకుందామనుకుంటున్నాను. కంప్రెసర్ దగ్గరికి వచ్చేసరికి ఎటూ తేలడం లేదు. చూసినవాటిలో ఒకటి 2 హెచ్‌పీ (హార్స్‌పవరు) మోటారు, 200 లీటర్ల ట్యాంకు. రెండోది 3 హెచ్‌పీ మోటారు, 100 లీటర్ల ట్యాంకు. రెండూ 120 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, పీడనపు కొలత) వరకూ ఎక్కుతాయి. ట్యాంకు పెద్దదైతే చాలని ఒకరు, మోటారే ముఖ్యమని మరొకరు చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ట్యాంకు ఉంది, మోటారు ఉంది, గాలీ రేణువులూ బయటికి చిమ్మే సన్న రంధ్రపు ముక్కు, అంటే నాజిల్, మాత్రం లేదు. బ్లాస్టింగుకు సంబంధించినంత వరకూ లెక్క మొదలుపెట్టవలసింది అక్కడే.

టైరుకు గాలి కొట్టేటప్పుడు గానీ, నట్లు విప్పే గన్ వాడేటప్పుడు గానీ మనం గాలిని గుక్కలు గుక్కలుగా వాడుకుంటాం. మధ్యలో దొరికే విరామంలో ట్యాంకు మళ్లీ నిండుతుంది. బ్లాస్టింగులో ఆ విరామం లేదు. మీట నొక్కి ఉంచినంతసేపూ నాజిల్ అంటే ట్యాంకుకు పడిన చిల్లే. ఆ చిల్లు గుండా ఎంత గాలి పోతుందనేది దాని వైశాల్యం మీద, దాని వెనుక ఉన్న పీడనం మీద ఆధారపడి ఉంటుందే తప్ప, కంప్రెసర్ ఎంత ఇవ్వగలదన్న దానితో నాజిల్‌కు పని లేదు. 80 పీఎస్‌ఐ వద్ద 2.4 మిల్లీమీటర్ల రంధ్రం నిమిషానికి సుమారు 10 ఘనపుటడుగుల గాలిని, అంటే 10 సీఎఫ్‌ఎం తీసుకుంటుంది. 3.2 మిల్లీమీటర్లది 17, 4.8 మిల్లీమీటర్లది 38, 6.4 మిల్లీమీటర్లది 68 తీసుకుంటాయి. వ్యాసం రెట్టింపైతే గాలి నాలుగింతలవుతుందన్నది ఈ అంకెలను చూస్తేనే తెలుస్తుంది. పీడనాన్ని తగ్గిస్తే వాడకమూ తగ్గుతుంది, అదే 3.2 మిల్లీమీటర్ల నాజిల్ 50 పీఎస్‌ఐ వద్ద 11 సీఎఫ్‌ఎంతో సరిపెట్టుకుంటుంది, కానీ రేణువు దెబ్బలో పస తగ్గి, గట్టి తుప్పు మీద పని బాగా నెమ్మదిస్తుంది.

ఇక ఇచ్చేవాడి సంగతి. సరైన స్థితిలో ఉన్న పిస్టన్ కంప్రెసర్ పని చేసే పీడనం వద్ద ఒక్కో హార్స్‌పవరుకు 3.5 నుంచి 4 సీఎఫ్‌ఎం వరకూ ఇస్తుందని అనుకోవచ్చు. ఆ లెక్కన 2 హెచ్‌పీది ఏడెనిమిది, 3 హెచ్‌పీది పదకొండు, 5 హెచ్‌పీది పదిహేడు పద్దెనిమిది సీఎఫ్‌ఎం ఇస్తాయి. ఇప్పుడు మీరు చూసిన పెద్ద ట్యాంకు ఎంత ఆదుకుంటుందో చూద్దాం. 200 లీటర్ల ట్యాంకు 120 నుంచి 80 పీఎస్‌ఐకి దిగేలోపు విడిచే గాలి ఎంతో తెలుసుకోవాలంటే, ఆ 40 పీఎస్‌ఐ తేడాను వాతావరణ పీడనమైన 14.7తో భాగించి 200తో గుణించాలి. వచ్చేది దాదాపు 544 లీటర్లు, అంటే 19 ఘనపుటడుగులు. 3.2 మిల్లీమీటర్ల నాజిల్ నిమిషానికి 17 తాగుతుంటే, 2 హెచ్‌పీ కంప్రెసర్ ఏడున్నర పోస్తుంటే, లోటు తొమ్మిదిన్నర. ఆ నిల్వ రెండు నిమిషాలకు ఖాళీ అవుతుంది. మళ్లీ నింపడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. అంటే పని చేసే సమయం కంటే గేజి ముల్లును చూస్తూ నిలబడే సమయమే ఎక్కువ. ట్యాంకును రెట్టింపు చేసినా ఈ నిష్పత్తి మారదు. ఎక్కువసేపు కొట్టి, ఎక్కువసేపు ఎదురుచూస్తారు, అంతే. ట్యాంకు గాలిని దాచిపెడుతుంది గానీ తయారు చేయదు.

అంతకంటే ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. ఆ నాలుగున్నర నిమిషాల్లో కంప్రెసర్‌కు ఒక్క క్షణం కూడా విశ్రాంతి దొరకదు. ఒకే అంచెలో నొక్కే చిన్న పిస్టన్ కంప్రెసర్లలో చాలావాటిని గంటలో సగం సేపు, మహా అయితే అంతకు కొద్దిగా ఎక్కువసేపు నడవడానికే రూపొందిస్తారు. ఎడతెరిపి లేకుండా నడిపితే వాల్వు పత్రాలు మసిబారుతాయి, పిస్టన్ రింగులు అరుగుతాయి, వేడి గాలితో పాటు నూనె ఆవిరి కూడా ముందుకు పోతుంది. అందుచేత నాజిల్ అడిగేదానికి పావు వంతైనా ఎక్కువ ఇచ్చే యంత్రాన్ని తీసుకోమని నేను చెబుతాను.

మీ రెండింటిలో అయితే 3 హెచ్‌పీదే తీసుకోండి, ట్యాంకు చిన్నదైనా సరే. దానికి 2.4 మిల్లీమీటర్ల నాజిల్ పెడితే ఇచ్చేది పదకొండు, కావలసింది పది. నేను చెప్పిన పావు వంతు మిగులు ఇక్కడ లేదు కాబట్టి, పది పదిహేను నిమిషాలకొకసారి యంత్రాన్ని ఆపి చల్లారనివ్వండి. బ్రాకెట్లకు, చిన్న భాగాలకు ఆ నాజిల్ చాలు. ఫ్రేములన్నీ దానితోనే చేయాలంటే ఓపిక కావాలి. ఫ్రేములే మీ ప్రధానమైన పని అయితే, మీ షెడ్డుకు వచ్చే కరెంటు భరించగలిగితే, రెండంచెల 5 హెచ్‌పీ యంత్రం వైపు చూడండి. పావు వంతు మిగులు అక్కడా ఉండదు గానీ, 3.2 మిల్లీమీటర్ల నాజిల్‌ను నిలకడగా నడపగలిగే మొదటి మెట్టు అదే.

లేబుళ్లు చదివేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త అవసరం. సిలిండరు ఘనపరిమాణాన్ని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి ఒక అంకె వేస్తారు. అది పిస్టన్ తోసిన చోటు లెక్కే గానీ బయటికి వచ్చిన గాలి లెక్క కాదు, వచ్చేది అందులో మూడింట రెండు వంతులే కావడం అరుదు కాదు. మీకు కావలసింది ఫ్రీ ఎయిర్ డెలివరీ అనే అంకె. అది ఏ పీడనం వద్ద కొలిచారో కూడా పక్కనే ఉండాలి. 40 పీఎస్‌ఐ వద్ద చెప్పిన అంకె 90 వద్ద నిలవదు. హార్స్‌పవరు విషయంలోనూ అంతే. ఒక హార్స్‌పవరు 746 వాట్లు. 230 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసుకునే మోటారు, ఒక్క వాటు కూడా వృథా పోకుండా నడిచినా, 3 హెచ్‌పీ దగ్గరే ఆగుతుంది. దాని మీద 5 అని అచ్చు వేసి ఉంటే ఆ అంకెను పట్టించుకోకండి.

మీరు ముందుగా క్యాబినెట్టు కొంటానన్నారు కనుక ఒక మాట. చిన్న క్యాబినెట్లలో ఎక్కువగా ఉండేది రేణువును పీల్చుకునే తరహా గన్. దాని ముందు కనబడే సెరామిక్ నాజిల్ రంధ్రాన్ని కొలిచి బెదిరిపోకండి. గాలి లెక్కను నిర్ణయించేది లోపల దాగి ఉన్న చిన్న ఎయిర్ జెట్, అంటే గాలి దూసుకొచ్చే సన్న రంధ్రం. ముందరి నాజిల్ సాధారణంగా దానికి రెట్టింపు వ్యాసంతో ఉంటుంది. ప్రెషర్ పాట్‌లో జెట్ ఉండదు, నాజిల్ రంధ్రమే లెక్క. అదే గాలితో ప్రెషర్ పాట్ చేసే పని పీల్చే గన్ పని కంటే ఎన్నో రెట్లు చురుకుగా ఉంటుంది, కాబట్టి కంప్రెసర్ చిన్నదైనవారికి చిన్న నాజిల్ బిగించిన పాట్ మంచి తోడు. పాట్ మూత తీసే ముందు మాత్రం లోపలి పీడనం పూర్తిగా సున్నాకు వచ్చిందో లేదో గేజిలో చూసి, గాలి వదిలే కుళాయి తెరిచే ఉంచండి. పాత గ్యాస్ సిలిండరును కోసి పాట్‌గా మార్చుకోవాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి.

కంప్రెసర్‌ను పనిచోటుకు దూరంగా పెట్టవలసి వస్తే గాలి గొట్టాన్ని పొడిగించండి, కరెంటు వైరును కాదు. సన్నని పొడవాటి వైరు చివర వోల్టేజీ పడిపోయి, మోటారు మొరాయిస్తూ మొదలై వేడెక్కుతుంది. గొట్టం లోపలి వ్యాసం కనీసం నాజిల్ రంధ్రానికి మూడు నాలుగు రెట్లు ఉండాలి. టైరు గాలికి వాడే సన్నని గొట్టమూ, ఇరుకు కప్లింగులూ మధ్యలో ఉంటే కంప్రెసర్ దగ్గర 100 చూపించిన పీడనం గన్ చేరేసరికి 60 అయిపోవచ్చు.

ప్రశ్న: నా దగ్గర 5 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది, గాలికి కొరత లేదు. అయినా పని మొదలుపెట్టిన అరగంటకు నాజిల్ దగ్గర ధార ఆగి ఆగి వస్తుంది. పాట్ తెరిచి చూస్తే గార్నెట్ (నేను వాడే బ్లాస్టింగ్ రేణువు) తడిసి ముద్దలు కట్టి ఉంటుంది. కంప్రెసర్ ట్యాంకుకు పక్కనే నీటిని వేరు చేసే ఫిల్టరు బిగించే ఉంది. అందులో మాత్రం నీరు పెద్దగా కనబడదు. లోపం ఫిల్టరులో ఉందా?

జవాబు: ఫిల్టరు మంచిదే కావచ్చు, పెట్టిన చోటు సరైనది కాదు. ఆ ఫిల్టరు నీటి బొట్లను పట్టగలదు, ఆవిరిని పట్టలేదు. ట్యాంకు పక్కన గాలి ఇంకా వేడిగా ఉంటుంది కనుక నీరంతా ఆవిరి రూపంలోనే దాన్ని దాటిపోయి, తరువాత గొట్టంలో చల్లారి, సరిగ్గా మీ గార్నెట్ దగ్గర బొట్లుగా దిగుతుంది.

ఎంత నీరు అని అడిగితే, లెక్క ఇలా ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. తేమ 70 శాతం ఉన్న రోజున అందులో 21 గ్రాములుంటాయి. ఆ గాలిని 100 పీఎస్‌ఐకి నొక్కితే దాని చోటు దాదాపు ఎనిమిదో వంతుకు కుదించుకుపోతుంది, మళ్లీ 30 డిగ్రీలకు చల్లారాక ఆ కొద్ది చోటు నాలుగు గ్రాములను మాత్రమే మోయగలదు. మిగిలిన 17 గ్రాములు నీరైపోవలసిందే. మీ కంప్రెసర్ 17 సీఎఫ్‌ఎం చొప్పున గంటసేపు నడిస్తే దాదాపు 29 ఘనపు మీటర్ల గాలిని మింగుతుంది. అంటే గంటకు అర లీటరు నీరు. అర లీటరు నీటిని గార్నెట్ మీద పోస్తే ఏమవుతుందో మీరు చూసే ఉన్నారు.

ఫిల్టరు కంటే ముందు గాలి చల్లారాలి. ట్యాంకు నుంచి ఒక పొట్టి రబ్బరు గొట్టంతో మొదలుపెట్టి, గోడ వెంబడి ఎనిమిది పది మీటర్ల లోహపు పైపును, రాగిదైనా ఇనుపదైనా అల్యూమినియందైనా సరే, పైకీ కిందికీ మెలికలుగా తిప్పి బిగించండి. ప్రతి మెలిక అడుగున ఒక చిన్న డ్రెయిన్ కుళాయి ఉండాలి. పైపుకు కొద్దిపాటి వాలు ఉండాలి. గన్‌కు వెళ్లే శాఖను పెద్ద పైపు అడుగు నుంచి కాక పై భాగం నుంచి తీయాలి, అప్పుడు కింద పారే నీరు అందులోకి దిగదు. ఇప్పుడు మీరు ట్యాంకు పక్కన పెట్టిన ఫిల్టరును ఈ పైపు చివరికి, పాట్‌కు దగ్గరికి మార్చండి. మీ దగ్గర ఉన్న అదే ఫిల్టరు గిన్నె నిండడం మొదలుపెడుతుంది. ఇంకా సరిపోకపోతే శీతలీకరించే డ్రయ్యరు గురించి ఆలోచించవచ్చు గానీ, చాలా షెడ్లలో పైపే సమస్యను తీరుస్తుంది.

ఇళ్లలో నీటికి వాడే పీవీసీ పైపును ఇందుకు వాడకండి. అది నీటి ఒత్తిడికి పగిలితే కారుతుంది. నొక్కిన గాలికి పగిలితే పెంకులై ఎగురుతుంది, వేడీ నూనె ఆవిరీ తగిలి ముందే పెళుసు బారుతుంది కూడా. ట్యాంకు అడుగున ఉన్న కుళాయిని పని అయిన ప్రతిసారీ తెరవండి. ఆ నీరే ట్యాంకును లోపలి నుంచి తినేస్తుంది.

ప్రశ్న: కొన్న కొత్తలో కంప్రెసర్ మధ్యమధ్య ఆగేది. రెండు నెలలుగా బ్లాస్టింగ్ చేసినంతసేపూ ఆగడమే లేదు, పైగా పీడనం నిలవడం లేదు. రింగులు పోయాయంటారా?

జవాబు: కంప్రెసర్‌ను విప్పే ముందు నాజిల్‌ను విప్పండి. మీది 3.2 మిల్లీమీటర్ల నాజిల్ అనుకుందాం. అదే కొలత డ్రిల్ బిట్ తీసుకుని, దాని నున్నటి వెనుక భాగాన్ని రంధ్రంలోకి పెట్టి చూడండి. కొత్త నాజిల్‌లో అది బిగుతుగా వెళ్తుంది. మీ నాజిల్‌లో అది వదులుగా ఊగుతూ ఉంటే, 4 మిల్లీమీటర్ల బిట్ కూడా దూరిపోతే, కారణం చేతిలోనే ఉంది. 0.8 మిల్లీమీటర్లు అరిగినందుకు గాలి అవసరం 17 నుంచి దాదాపు 27 సీఎఫ్‌ఎంకు పెరిగింది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉండటం కూడా కనబడుతుంది. సెరామిక్ నాజిళ్లు గంటల లెక్కన అరిగిపోతాయి, టంగ్‌స్టన్ కార్బైడ్ నాజిళ్లు వందల గంటలు నిలుస్తాయి. గాలి తక్కువగా ఉన్నవారికే ఖరీదైన నాజిల్ ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. నాజిల్ కొత్తదిగానే ఉంటే అప్పుడు రింగులనూ వాల్వులనూ అనుమానించవచ్చు.

ప్రశ్న: వాడిన కంప్రెసర్ ఒకటి చూశాను. అమ్మేవారు 10 సీఎఫ్‌ఎం ఇస్తుందంటున్నారు. అక్కడికక్కడే తేల్చుకునే మార్గం ఉందా?

జవాబు: గడియారం ఉంటే చాలు. ముందుగా అడుగు కుళాయి తెరిచి ట్యాంకులోని నీరంతా పోనివ్వండి, నీరు నిలిచి ఉంటే ట్యాంకు చిన్నదై, కంప్రెసర్ ఉన్నదానికంటే చురుకైనదిగా కనిపిస్తుంది. వచ్చే నీరు ఏ రంగులో ఉందో చూడండి. గోధుమ రంగు కొంత సహజమే, తుప్పు పెచ్చులు పడితే వెనక్కి తిరగండి. తరువాత బయటికి పోయే కుళాయిలన్నీ మూసి యంత్రాన్ని నడపండి. గేజి ముల్లు 80 పీఎస్‌ఐ దాటిన క్షణం నుంచి 120 చేరిన క్షణం వరకూ సమయం చూడండి. సున్నా నుంచి మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఖాళీ ట్యాంకును నింపేటప్పుడు ఏ కంప్రెసరైనా హుషారుగానే కనబడుతుంది. మీకు గాలి కావలసింది 80కి పైన.

ట్యాంకు 200 లీటర్లదైతే ఆ మధ్యలో చేరే గాలి, పైన చెప్పిన లెక్కనే, 544 లీటర్లు. దానికి నిమిషం 50 సెకన్లు పడితే నిమిషానికి 297 లీటర్లు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున భాగిస్తే పదిన్నర సీఎఫ్‌ఎం వస్తుంది, అమ్మేవారి మాట నిజమన్నమాట. మూడు నిమిషాలు పడితే వచ్చేది ఆరున్నర లోపే. ఈ పరీక్షను కంప్రెసర్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట నడిచాక మరోసారి చేయండి. రెండోసారి సమయం బాగా పెరిగితే వాల్వులు కారుతున్నాయని అనుమానించాలి. నూనె చూసే అద్దంలో నూనె పాలలాగా తెల్లబారి ఉంటే నీరు కలిసింది. ట్యాంకు మీద అతుకు వెల్డింగు ఉంటే, ఎంత చక్కగా చేసినదైనా సరే, ఆ ట్యాంకును నేను కొనను. మిగిలినవన్నీ సరిపోయినా, వాడకానికి ముందు ట్యాంకుకు నీటితో నింపి చేసే పీడన పరీక్ష చేయించండి, సేఫ్టీ వాల్వు కొత్తది వేయండి.

ప్రశ్న: 2 హెచ్‌పీ కంప్రెసర్లు రెండింటిని కలిపి ఒక నాజిల్ నడపవచ్చా?

జవాబు: నడపవచ్చు. ఇద్దరి గాలీ కూడుతుంది, ఏడున్నర చొప్పున పదిహేను. రెండింటికీ వెనక్కి గాలి రానివ్వని వాల్వులు సరిగా ఉండాలి, ఆగే పీడనాలు ఇంచుమించు ఒకటిగా ఉండాలి, రెండూ వేర్వేరు సర్క్యూట్ల మీద నడవాలి. వాటిని కలిపే పైపు ఇరుకుగా ఉండకూడదు. నాజిల్ 2.4 మిల్లీమీటర్లది పెట్టుకుంటే రెండింటికీ విశ్రాంతి దొరుకుతుంది.

ప్రశ్న: రేణువులు కొనే బదులు నది ఇసుకను జల్లించి ఎండబెట్టి వాడితే సరిపోదా? ముఖానికి గుడ్డ కట్టుకుంటాను.

జవాబు: సరిపోదు. ఈ ఒక్క విషయంలో నాకు మధ్యేమార్గం కనబడటం లేదు.

బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ 1870లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నప్పుడు వాడింది ఇసుకే, పేరు కూడా అలాగే స్థిరపడింది. కానీ ఇసుకలో ఉండేది స్ఫటిక సిలికా. అది వేగంగా లోహానికి తగిలి చిట్లినప్పుడు కంటికి కనబడనంత సన్నని ధూళి లేస్తుంది. ఆ ధూళి ఊపిరితిత్తుల అట్టడుగు గదులకు చేరి అక్కడే మచ్చలు కట్టిస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. అది నయమయ్యే జబ్బు కాదు. పని మానేసిన తరువాత కూడా ముదురుతుంది. బ్రిటన్ 1950 నాటికే బ్లాస్టింగులో ఇసుక వాడకాన్ని నిషేధించింది. అమెరికాలో వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1974లో అదే సిఫారసు చేసింది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్ఫటిక సిలికా ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. గుడ్డ ముక్క ఆ ధూళిని ఆపలేదు. మీ కంటికి కనబడే దుమ్మును అది ఆపుతుంది, అందువల్లే మోసం చేస్తుంది.

గార్నెట్, అల్యూమినియం ఆక్సైడ్, పిండి చేసిన గాజు, గాజు పూసలు వాడండి. క్యాబినెట్టులో వీటిని జల్లించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కనుక ఇసుక చవక అన్న లెక్క కూడా అంతగా నిలవదు. పలుచని రేకు మీద, అల్యూమినియం మీద గాజు పూసలతో 40, 50 పీఎస్‌ఐ దగ్గరే పని కానివ్వండి, లేకపోతే రేకు వంకర తిరుగుతుంది. ఈ రేణువులు వాడినా మాస్కు మానకూడదు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, అది కూడా ధూళిగానే లేస్తుంది. క్యాబినెట్టు కాక ఆరుబయట పాట్‌తో కొట్టేవారికి ముఖానికి బిగుతుగా అమరే, మార్చుకునే ఫిల్టర్లున్న రెస్పిరేటరు కనీస అవసరం. ముసుగులోకి గాలి పంపే ఏర్పాటు చేసుకోదలిస్తే, బ్లాస్టింగుకు వాడే ఈ నూనె కంప్రెసర్ నుంచే ఒక గొట్టం తీసి తగిలించకండి. వేడెక్కిన నూనె నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుట్టగలదు, మామూలు నీటి ఫిల్టరు దాన్ని ఆపదు. శ్వాసకు ప్రత్యేకించిన గాలి పంపు వేరే ఉంటుంది; దాన్ని ధూళి చేరని చోట పెట్టి, దాని గొట్టాన్ని విడిగా తెచ్చుకోండి.